మూడో బల్ల

అత్యవసర విభాగంలో ఆయన్ని వెనకాల అందరూ రంగుల డాక్టరు అనేవారు. ఎదురుగా సార్ అనేవారు గానీ, వెనకాల మాట ఆయన చెవిన పడకపోలేదు. పడ్డప్పుడు కోపం రాకపోగా లోలోపల మురిసిపోయాడు కూడా. పిచ్చివాణ్ణి వాడి పిచ్చి పేరుతో పిలిస్తే బిరుదిచ్చినట్టే ఉంటుంది మరి.

ఆయన పిచ్చి ఏమిటంటే, వరస. ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చిన వాళ్లలో ఎవర్ని ముందు లోపలికి తీసుకోవాలి, ఎవర్ని కాసేపు కూర్చోబెట్టవచ్చు అన్న వరస. అత్యవసరమైతే రెడ్, కాస్త ఆగగలిగితే యెల్లో, నిదానమైతే గ్రీన్. ముందొచ్చినవాణ్ణి ముందు చూడటం సినిమా టికెట్ల దగ్గర న్యాయం, ఇక్కడ మాత్రం శుద్ధ అన్యాయం అని కొత్తగా చేరిన ప్రతి సిస్టర్‌కీ చెప్పేవాడు. ఆంబులెన్సు డ్రైవర్లకు చెప్పేవాడు. ఓసారి జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లి, అక్కడ వరసలో కూర్చున్న వాళ్లకు కూడా చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఇంట్లోనూ ఇదే గోల. కుళాయి కారితే గ్రీన్, నిదానంగా చూడొచ్చు. కరెంటు బిల్లు కట్టకపోతే యెల్లో. భార్య బళ్లో లెక్కలు చెబుతుంది. ఆవిడ ఒకరోజు నవ్వుతూ, మన పెళ్లిరోజు ఏ రంగో కూడా చెప్పండి అని అడిగింది. ఆయన నిజంగానే ఆలోచించాడు. అలా ఆలోచించినందుకు ఆవిడ కొన్నాళ్లపాటు ఆయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో అర్థం కావడానికి ఆయనకు మరికొన్నాళ్లు పట్టింది.

ఇక అత్తగారు. ఆవిడ కూతురి దగ్గరే, అంటే వీళ్ల దగ్గరే ఉంటుంది. మధుమేహం ఉంది, మోకాళ్లు ఉన్నాయి, కడుపుబ్బరం ఉంది, వీటన్నిటినీ నోరారా చెప్పుకునే ఓపిక అంతకు మించి ఉంది. నొప్పి పదికి ఎంత అని ఆసుపత్రిలో అడిగే అలవాటు కొద్దీ అల్లుడు ఇంట్లోనూ అడిగేవాడు. ఆవిడకు ఎప్పుడూ పదే. మోకాలు పది, తలనొప్పి పది, తలుపు సందులో వేలు నలిగినా పదే. ‘ప్రాణం పోతోంది బాబూ’ అని కొండంత రాగం తీసేది. అల్లుడు పేపర్ మడిచి, లేచి, వెళ్లి చూసి, మాత్ర ఇచ్చి, మళ్లీ వచ్చి పేపర్ విప్పేవాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. రంగుల డాక్టరు ఆవిణ్ణి పాఠంలోకి లాక్కొచ్చాడు. రోగి చెప్పే అంకెను గుడ్డిగా నమ్మకూడదు అని కొత్త సిస్టర్లకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ‘మా అత్తగారి పది’ అని మొదలుపెట్టి, గొంతు మార్చి, నడుం మీద చెయ్యి వేసుకుని మరీ ఆవిణ్ణి అనుకరించేవాడు. క్లాసు క్లాసంతా పడీ పడీ నవ్వేది. ఆసుపత్రిలో ఆవిణ్ణి ఎన్నడూ చూడనివాళ్లకు కూడా ఆవిడ సుపరిచితురాలైపోయింది.

ఇలా ఉండగా ఆసుపత్రి వాళ్లు వరసకు ఏదో ఒక పద్ధతి ఖాయం చేసుకోవాలని కమిటీ వేశారు. రంగంలో ఉన్నవి రెండు. ఒకటి రంగుల పద్ధతి. నాడి, రక్తపోటు, ఊపిరి, జ్వరం, మెలకువ అన్నీ కొలిచి, ఒక్కోదానికి మార్కులేసి, కూడితే వచ్చిన మొత్తాన్ని బట్టి రెడ్డో, యెల్లోనో, గ్రీనో తేలుతుంది. నిన్న చేరిన పిల్లయినా వేయగలదు, మొహమాటాలకు చోటుండదు. కాకపోతే కొలతలు బాగున్నాయంటే పోయేవాణ్ణి కూడా మర్యాదగా కూర్చోబెడుతుంది. రెండోది అంకెల పద్ధతి, ఒకటి నుంచి ఐదు దాకా. ఒకటంటే ఇప్పుడే చెయ్యి వేయకపోతే మనిషి దక్కడు. రెండంటే కూర్చోబెట్టకూడదు. ఆ తర్వాత అంకెలన్నీ, ఈ మనిషికి ఎన్ని పరీక్షలు, ఎన్ని సూదులు కావాల్సి వస్తాయో సిస్టర్ ఊహించి వేయాలి. ఇది మనిషి వాలకాన్ని చూస్తుంది. కాకపోతే చూసే కన్నును బట్టి ఉంటుంది, ఆ కన్ను అప్పటికే అలిసిపోయి ఉండొచ్చు.

సూపరింటెండెంటు రంగుల వైపు. రంగులైతే నేల మీద గీతలు వేయించవచ్చు, వచ్చిన పెద్దలకు చూపించవచ్చు. సిస్టర్లందరి మీదా పెత్తనం చేసే పెద్ద సిస్టర్ అంకెల వైపు. చేతికి గ్రీన్ పట్టీ కడితే రోగి తాలూకు వాళ్లు కొట్లాటకొస్తారు, నాలుగు అని రాస్తే నాలుగు మంచిదో చెడ్డదో వాళ్లకు తెలియదు, అంచేత ఊరుకుంటారు అని ఆవిడ వాదన. రంగుల డాక్టరుకు పేరులో రంగులున్నా మనసు రెండిటి మీదా ఉంది. ఏదో ఒకటి తేల్చమంటే, ఇద్దరు బిడ్డల్లో ఎవరు ముద్దో చెప్పమన్నట్టు గిలగిల్లాడాడు. చివరికి ఆయనకు ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆయన ఆలోచనలు బ్రహ్మాండంగా ఉన్నప్పుడల్లా పెద్ద సిస్టర్ తలనొప్పి మాత్ర వేసుకునేది.

ఆలోచన ఇది. గుమ్మం దగ్గర రెండు బల్లలు వేస్తారు. ఒకదాని దగ్గర రంగు వేస్తారు, రెండోదాని దగ్గర అంకె వేస్తారు. వచ్చిన ప్రతి రోగీ రెండు బల్లలూ దాటాలి. రెండూ ఒకటే మాట చెబితే సరే. చెప్పకపోతే మూడో బల్ల దగ్గరికి పంపుతారు, అక్కడ స్వయంగా రంగుల డాక్టరు కూర్చుని తీర్పు చెబుతాడు. కొన్నాళ్లు ఇలా నడిపితే ఏ పద్ధతి మంచిదో తేటతెల్లమవుతుంది.

మొదలుపెట్టిన రోజే వేలు తెగి వచ్చిన ఒక వడ్రంగి రెండో బల్ల దగ్గర తిరగబడ్డాడు. ఇందాకే చెప్పాను గదమ్మా, ఉలి అదే, వేలూ అదే, ఇంకో మనిషికి చెబితే ఇంకో వేలు తెగుతుందా అన్నాడు. అందరూ నవ్వారు. అసలు చిక్కు ఆ వడ్రంగి కాదు. రెండో బల్లకు మనిషి కావాలి. కొత్తగా ఎవర్నీ ఇవ్వనన్నారు. హాల్లో కూర్చున్నవాళ్ల మధ్య తిరుగుతూ, ఇందాకటికీ ఇప్పటికీ ఎవరిలోనైనా తేడా వచ్చిందా అని చూసే సిస్టర్ ఒకావిడ ఉండేది. రంగుల డాక్టరు ఆవిణ్ణి తీసుకొచ్చి రెండో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పెద్ద సిస్టర్ గొణిగింది. కొద్దిరోజులేగా, పైగా ఇప్పుడు గుమ్మం దగ్గరే ముగ్గురం జల్లెడ పడుతుంటే ఇంక హాల్లో జారిపోయేది ఏముంటుంది అని ఆయన సర్ది చెప్పాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

కమిటీ పెద్దలు ఈ వింత చూడటానికి ఒక ఉదయం వచ్చారు. సూపరింటెండెంటు, పెద్ద సిస్టర్, లెక్కల విభాగం నుంచి ఒక పెద్దావిడ, ఇంకో ఇద్దరు. రంగుల డాక్టరు ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని, మూడో బల్ల వెనక పెళ్లికొడుకులా కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో టాక్సీ దిగి, చేతిసంచీ పొట్టకు అదుముకుని, అత్తగారు లోపలికి వచ్చింది.

ఒక్కతే వచ్చింది. కూతురు బళ్లో పాఠం చెబుతోంది, ఫోన్ ఎత్తలేదు. కడుపు పైభాగంలో బిగబట్టినట్టుందని, ఒకసారి వాంతి అయిందని చెప్పింది. మొదటి బల్ల పిల్ల కొలతలన్నీ తీసింది. నాడి కాస్త నెమ్మదిగా ఉంది, రక్తపోటు కాస్త తక్కువగా ఉంది. మార్కులు కూడితే యెల్లో వచ్చింది. రెండో బల్ల సిస్టర్ కొలతల కంటే ముందు ఆవిడ మొహం చూసింది, చేతులు పట్టుకుని చూసింది. రెండు అని వేసింది, అంటే కూర్చోబెట్టకూడదని. యెల్లో అంటే కొంతసేపు కూర్చోవచ్చు, రెండంటే కూర్చోకూడదు. రెండు బల్లలకూ పొత్తు కుదరలేదు. అంచేత ఆవిడ మూడో బల్ల ముందుకొచ్చింది.

ఇక్కడ రంగుల డాక్టరు బుర్రలో ఏం జరిగిందో ఆయనే తర్వాత చాలాసార్లు నెమరేసుకున్నాడు. మొదట తట్టింది భయం కాదు, కమిటీ. సొంత అత్తగారిని ముందు పంపితే వాళ్లేమనుకుంటారు? సిబ్బంది బంధువులకు వేరే దారి లేదు అని గోడకు బోర్డు పెట్టించింది తనే. ఇంతకంటే మంచి అవకాశం దొరకదు అనుకున్నాడు. అవును, అవకాశం అనే అనుకున్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆయన తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకునేవాడు, అదీ ఎవరూ చూడకుండా.

నొప్పి పదికి ఎంత అత్తయ్యా అని అడిగాడు, అందరికీ వినపడేలా. ఆవిడ కాసేపు ఆలోచించి, నెమ్మదిగా ‘ఆరు బాబూ’ అంది.

మొదటి బల్ల పిల్ల పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. ఆరోజు దాకా క్లాసులో వినడమే గానీ మనిషిని చూడలేదు. రంగుల డాక్టరు కమిటీ వైపు తిరిగి, ఇంట్లో పదికి తగ్గని మనిషి ఇక్కడ ఆరంటోందంటే ఏమీ లేదని అర్థం, అల్లుడి ముందు పరువు కోసం తగ్గించింది అని చమత్కరించాడు. పెద్దలు నవ్వారు. రెండో బల్ల సిస్టర్ మాత్రం, చెమటలు పడుతున్నాయి సార్ అంది. మా ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ఎత్తినా పడతాయి అన్నాడు ఆయన. తీర్పు చెప్పాల్సింది యెల్లోనా, రెండా అని. ఆయన ఆ రెండూ కాదన్నాడు. గ్రీన్ అన్నాడు. ఉబ్బరం, కూర్చోనివ్వండి.

అత్తగారు సంచీ సర్దుకుని, హాల్లోకి వెళ్లి కూర్చుంది.

రంగుల డాక్టరు కమిటీని లోపలి గదిలోకి తీసుకెళ్లి, కాఫీలిప్పించి, రెండు పద్ధతుల పోలిక మొదలుపెట్టాడు. ఏది ఎక్కడ ముందు పట్టుకుంది, ఏది ఎక్కడ అనవసరంగా కంగారు పడింది, అంతా తెర మీద గీతలు, స్తంభాలు వేసి చూపించాడు. మధ్యలో ఇందాకటి అత్తగారి ముచ్చట ఇంకోసారి చెప్పాడు. ఈసారి నిష్పాక్షికత అనే మాట వాడాడు. ఆ మాట నోరు తిరగడానికి కష్టం, అందుకే వాడినవాడికి గొప్పగా ఉంటుంది.

లెక్కల విభాగం పెద్దావిడకు వైద్యం సంగతి తెలియదు. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి, తెలియక అడుగుతున్నాను, ఒకసారి కూర్చోబెట్టినవాళ్లను మళ్లీ ఎవరు చూస్తారు అని అడిగింది.

దాని గురించి ఆయన దగ్గర చాలా ఉపన్యాసాలున్నాయి. గ్రీన్ అయినా, ఐదైనా, ఏ పద్ధతిలోనైనా కూర్చున్నవాణ్ణి మళ్లీ మళ్లీ చూడాలి, రోగం కుర్చీలో కూర్చోదు అని ఊళ్లోవాళ్లందరికీ చెప్పిన మనిషి. నోరు తెరిచాడు. తిరిగే సిస్టర్ చూస్తుంది అని చెప్పబోయాడు. ఆ సిస్టర్ రెండో బల్ల దగ్గర ఉంది. ఆయనే కూర్చోబెట్టాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, తెర మీద స్తంభాలను అలాగే వదిలేసి, ఇప్పుడే వస్తానని బయటికి నడిచాడు. తలుపు దాటాక పరిగెత్తాడు.

హాలు నిండా జనం. దగ్గులు, పిల్లల ఏడుపులు, ఎవరిదో ఫోన్ మోత. ఆయన చెవులు ఒక్క గొంతు కోసం వెతికాయి. అత్తగారు బస్‌స్టాపులో కూర్చున్నా పక్కవాళ్ల కోడళ్ల సంగతులు కూడా తెలుసుకుని గానీ లేవదు. ఇంతసేపటికి హాల్లో సగంమందికి ఆవిడ మోకాళ్ల చరిత్ర తెలిసిపోయి ఉండాలి. ఆవిడ గొంతు ఎక్కడా లేదు. ఏ పుస్తకంలోనూ లేని ఆ ఒక్క లక్షణం అల్లుడు గనక ఆయనకు తెలుసు. అల్లుడు గనకే ఇందాక మిగతావేవీ కనపడలేదు.

మూల కుర్చీలో గోడకు తల ఆనించి ఉంది. మొహం బూడిదరంగులో ఉంది. నుదుటి మీద చెమట కణతల మీదుగా దిగుతోంది. పక్కనే వేలికి కట్టుతో ఆనాటి వడ్రంగి కూర్చున్నాడు, కట్టు మార్పించుకోవడానికి వచ్చి. ఆ మనిషి లేచి, ‘నేను సిస్టర్‌ని పిలుస్తానంటే ఈవిడే వద్దంది సార్, మా అల్లుడు ఇక్కడ పెద్ద డాక్టరు, వరస ప్రకారం పిలుస్తాడు, తొందరపెడితే ఆయనకు చిన్నతనం అంది’ అన్నాడు.

స్ట్రెచర్ వచ్చింది. ఈసీజీ కాగితం బయటికొస్తుంటే, గీత ఎక్కడ లేచిందో చదవడానికి ఆయనకు చదువు అక్కర్లేకపోయింది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి పూడుకుపోయింది. చక్కెర జబ్బున్న పెద్దవాళ్లలో గుండెపోటు ఛాతీలో కాకుండా కడుపులో బిగబట్టినట్టు వస్తుందని ఆయనే ఏటా పాఠం చెబుతాడు. పాఠంలో ఆ పేజీ, అత్తగారిని అనుకరించే పేజీ తర్వాతదే. గుండె డాక్టరు వచ్చి, ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లి, తలుపు వేశాడు. వేసేముందు, ఎంతసేపైంది నొప్పి మొదలై అని అడిగాడు. ఎంతసేపు కూర్చోబెట్టారు అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని రంగుల డాక్టరుకు అనిపించింది.

భార్య వచ్చేసరికి ఆయన ఆ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. తెల్లకోటు ఇస్త్రీ ఇంకా చెదరలేదు. ఆవిడ రొప్పుతూ, అమ్మ ఎప్పుడొచ్చింది, ఎవరు చూశారు అని అడిగింది. అబద్ధం చెప్పే అవకాశాలు నాలుగైదు ఆయనకు వరసగా కనపడ్డాయి, వరసలు పెట్టడం అలవాటే కదా. వాటిని దాటి, నేనే చూశాను, నేనే కూర్చోబెట్టాను అని చెప్పాడు. యెల్లో సంగతి, రెండు సంగతి, కమిటీ సంగతి, తను వేసిన జోకుతో సహా అంతా చెప్పాడు.

ఆవిడ చేతిలో సుద్దముక్క ఉంది, బళ్లోంచి అలాగే వచ్చేసింది. దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, ‘అమ్మ స్థానంలో ముక్కూ మొహం తెలియనావిడ వస్తే ఏం చేసేవారు?’ అని అడిగింది.

‘లోపలికి పంపేవాణ్ణి.’

‘అయితే ఈరోజు మా అమ్మ మీకేమీ కాకపోయి ఉంటే బాగుండేదండీ’ అంది. అని, కుర్చీలో కూర్చుని తలుపు వైపే చూసింది. ఆయనకు ఆ పక్క కుర్చీ ఖాళీగానే కనపడింది గానీ, కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

అత్తగారు బతికింది. నాళం తెరిచి, స్టెంటు అనే చిన్న తీగ గొట్టం పెట్టారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే నా చేతుల్లో ఉండేది కాదని గుండె డాక్టరు అన్నాడు. ఎంత ఆలస్యమో ఆయన చెప్పలేదు, రంగుల డాక్టరు లెక్క కట్టుకోలేదు. కొన్ని లెక్కలు కట్టుకుంటే మనిషి తట్టుకోలేడు.

కమిటీ మళ్లీ కూర్చుంది. రెండు పద్ధతుల్లో ఏది మెరుగో ఇప్పటికైనా చెప్పమన్నారు. రంగుల డాక్టరు తెర మీద ఏమీ వేయలేదు. ‘మనం పోల్చింది రెండు పద్ధతుల్ని కాదు, మూడింటిని. మొదటి బల్ల మా అత్తగారి మీద ఓ కన్నేసి ఉంచమంది. రెండో బల్ల వెంటనే పడుకోబెట్టమంది. రెండూ నయమే. మూడో బల్ల ఆవిణ్ణి చంపబోయింది. దాన్ని తీసేయండి’ అన్నాడు. సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, ఇవన్నీ నివేదికలోకి ఎందుకు, ఇంటి సంగతి కదా అన్నాడు. రంగుల డాక్టరు పట్టుబట్టాడు. జీవితంలో మొదటిసారి సరైనదాని కోసం పట్టుబట్టాడు కనుక ఎలా పట్టుబట్టాలో తెలియక, కాస్త గట్టిగానే అరిచాడు. చివరికి అంకెల పద్ధతి ఖాయమైంది. తిరిగే సిస్టర్ హాల్లోకి వెళ్లింది. సిస్టర్ వేసిన అంకెను డాక్టరు పైకి జరపొచ్చు, కిందికి జరపకూడదు అన్న నియమం ఆయనే పెట్టించాడు. పాఠంలోంచి అత్తగారిని తీసేశాడు. క్లాసులో ఇప్పుడు ఎవరూ అంతగా నవ్వరు.

వార్డులోకి మార్చిన రోజు, భార్య ఇంటికి వెళ్లి స్నానం చేసి వస్తానంటే, అత్తగారి దగ్గర ఆయన కూర్చున్నాడు. ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. ఆయన సెలైన్ బొట్లు చూస్తున్నాడు, చూడాల్సిన అవసరం ఏమీ లేకపోయినా. క్షమించమని అడగాలని వచ్చాడు. ఇంటి నుంచి మాట సిద్ధం చేసుకుని వచ్చాడు కూడా. తీరా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

‘ఎప్పుడూ పది అనేవారు గదత్తయ్యా. ఆ రోజు ఆరు అని ఎందుకన్నారు?’

ఆవిడ తల తిప్పి చూసింది. అడిగినదానిలో ఏదైనా ఎత్తిపొడుపు ఉందా అని చూసినట్టుంది. లేదనిపించాక చెప్పింది.

‘పది అంటేగానీ మీరు పేపర్‌లోంచి లేవరు బాబూ. ఎనిమిది అని చూశాను, తొమ్మిది అని చూశాను. అందుకని పది అనడం మొదలుపెట్టాను. ఆ రోజు నిజంగా భయం వేసింది. పోతానేమో అనిపించింది. పోయేముందు అబద్ధం ఎందుకని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.’

రంగుల డాక్టరుకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. ఇన్నేళ్లు ఆసుపత్రిలో ఎంతోమంది ముందు నిలబడి, రోగులు అంకెలు ఎందుకు పెంచి చెబుతారో ఉపన్యాసాలిచ్చాడు. భయం అన్నాడు, అలవాటు అన్నాడు, నొప్పి ఓర్చుకోలేకపోవడం అన్నాడు. ఎవరూ లేచి రాకపోవడం అని ఒక్కసారీ అనలేదు. కళ్లు తుడుచుకుని, లేచి నిలబడి, ఆవిడ దుప్పటి సర్దాడు, సరిగ్గానే ఉన్న దుప్పటిని.

‘ఇప్పుడు ఎంతుంది అత్తయ్యా?’

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. ‘రెండు. సూది గుచ్చిన చోట కాస్త మంటగా ఉంది, అంతే.’ తర్వాత తనే అడిగింది. ‘ఇంటికెళ్లాక రెండు అన్నా వస్తారా బాబూ?’

దెప్పిపొడుపుగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

‘వస్తానత్తయ్యా’ అన్నాడు ఆయన.

‘చూద్దాం లెండి’ అని, ఆవిడ కళ్లు మూసుకుంది.